తాతకు వినపడని గడియారం

మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ నిలువెత్తు గడియారాన్ని చూసి, ఏ తెల్లదొర బంగళాలోది అని అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. అది మా తాత చేసింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వడ్రంగిగా చేరిన మనిషి ఆయన. పాతబడి తీసేసిన రైలుపెట్టెల టేకు పలకలు వేలంలో కొని, డ్యూటీ దిగాక నిమ్‌పురా క్వార్టరు వరండాలో కూర్చుని, ఆ చెక్కపని అంతా చేత్తోనే చేశాడు. లోపలి యంత్రం ఒక్కటే కలకత్తాలో పాతసామాన్ల కొట్లో దొరికింది.

తమాషా ఏమిటంటే, అది గంటలు కొట్టే నాటికి తాతకు చెవులు లేవు. వర్క్‌షాపులో పక్క షెడ్డులో రివెట్లు కొట్టే మోత ఆయన వినికిడిని తినేసింది. అందుకని గంట కొట్టినప్పుడల్లా నాయనమ్మ నన్ను తరిమేది.

"ఎంతయిందో తాతకి సూపించి రాయే."

పరుగెత్తి ఆయన కుర్చీ ముందు వేళ్లు చాచేదాన్ని. పన్నెండయితే పది వేళ్లూ, మళ్లీ రెండు. అల్లరికి ఓ వేలు మడిచానా, ఎండను బట్టి పసిగట్టి కొంప మునిగినట్టు అరిచేవాడు.

"ఏటే, నా గడియారం దొంగ లెక్క సెప్తాదా?"

అని లేచి వెళ్లి, చెక్క మీద అరచెయ్యి ఆనించి చూసుకునేవాడు. "సెవులు పోతే పోనాయి. సెయ్యుంది కదా," అనేవాడు. లోలకం ఊపు చెక్కలోంచి ఆయన చేతికి తెలిసేది.

తాత, నాయనమ్మ, తర్వాత నాన్న వెళ్లిపోయారు. నాన్న రైల్వే ఉద్యోగమూ ఆ క్వార్టరూ నాకు వచ్చాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు లేదు. అమ్మా నేనూ మిగిలాం. చివర్లో అమ్మకూ చెవులు మందగించాయి. మళ్లీ నేనే వేళ్లు చూపించేదాన్ని, ఆవిడ మంచం మీంచే తలూపేది.

కిందటేడు అమ్మ పోయింది. ఈ ఏడు నేను రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్లోనే సుభాష్‌పల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. గడియారాన్ని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చి నిలబెట్టాను. నడవలేదు. లోలకాన్ని తోస్తే కాసేపు ఊగి ఆగిపోతుంది. నిమ్‌పురాలో రాత్రీ పగలూ యార్డు మోత ఉండేది. ఇక్కడ పై అంతస్తువాళ్లు టీవీ కట్టేస్తే ఇక ఏ చప్పుడూ లేదు. ఆ గడియారమైనా మాట్లాడకపోతే ఈ ఇంట్లో ఉండలేననిపించింది.

గడియారాలు బాగుచేసే బెంగాలీ దాదా రెండుసార్లు వచ్చి, విప్పి, నూనె వేసి వెళ్లాడు. మెషీన్ ఠీక్ హై దీదీ, ముసలిదైపోయింది అంతే అన్నాడు. అది పీకేసి బ్యాటరీది పెట్టేద్దామన్నాడు. ముందు కసురుకున్నాను. ఆఖరికి సరేనన్నాను. ఆదివారం వస్తానన్నాడు.

శనివారం గది కడిగాను. నీళ్లు కదిలితేనా! నిమ్‌పురాలో బకెట్టు కుమ్మరిస్తే అవే గుమ్మం దాటిపోయేవి, ఆ నేల అంత వాలు. ఈ నేల చదును. తిట్టుకుంటూ చీపురుతో తోస్తుంటే గడియారం అడుగు కంటపడింది. ఒక పక్కన మాత్రం బొటనవేలంత మందం చెక్క ఉంది. అదే టేకు, అదే పాలిష్. అదీ గడియారంలో భాగమేననుకుని ఇన్నేళ్లూ తుడుస్తూ వచ్చాను. అది ఆ ఇంటి వాలుకు తాత వేసిన ఎత్తు.

లోలకాన్ని తోసి, తాతలాగే అరచెయ్యి ఆనించాను. ఒక ఊపు పొడుగు, ఒక ఊపు పొట్టి. కుంటుతోంది.

పట్టుకోవడానికి మరో మనిషి లేడు. లోలకం, బరువులు తీసేసి, పరుపు చుట్టి గోడకు పెట్టి, గడియారాన్ని దాని మీదికి వాల్చాను. స్క్రూడ్రైవరుతో ఆ చెక్కను ఊడదీస్తుంటే ఏడుపొచ్చింది. తాత చేసినదాంట్లో నేను చెయ్యి పెట్టడం అదే మొదలు, అదీ పీకడానికి.

మళ్లీ నిలబెట్టి, అన్నీ తగిలించి, టైము సరిచేశాను. నడిచింది. వెళ్లి టీ తాగి వచ్చినా నడుస్తూనే ఉంది. దాదాకు ఫోన్ చేసి రావద్దని చెప్పాను.

సాయంత్రం ఐదు కొట్టింది. వంటింట్లో ఉన్నదాన్ని, తడిచేత్తోనే ఐదు వేళ్లూ చాచుకుని మంచం దగ్గరికి పరుగున వచ్చాను. మంచం మీద మడతపెట్టని బట్టలున్నాయి. ఆ చెయ్యి ఎవరికి చూపించాలో తెలియక అలాగే నిలబడిపోయాను.