రాజవ్వ అరుగు, ఎదురుగా గుట్ట

పెద్దపల్లిలో మేము అద్దెకుంటున్న ఇంటి పక్క వాటాలో అత్తాకోడళ్లు బీడీలు చేస్తారు. పొద్దున్నే తునికాకు నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, రెండు వాటాల మధ్యనున్న పిట్టగోడ నీడన పెడతారు. నేను ఆఫీసుకు తయారై గుమ్మం దాటగానే ముందు ఆ తడి ఆకు వాసన, దాని వెనకే తంబాకు ఘాటు ముక్కుకు తగులుతాయి. వచ్చిన కొత్తలో మా ఆయన తుమ్మి తుమ్మి ఇల్లు మారిపోదామన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఆ వాసన తగిలితే చాలు, నా మొదటి ఉద్యోగం, నెమలిగుట్ట, ఆ గుట్టకు ఎదురుగా అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సర్పంచ్ రాజవ్వ, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తాయి. దాన్ని వదులుకుని ఏ సెంటు వాసన ఇంటికి పోమంటాడు?

నేను కరీంనగర్ టౌన్‌లో పెరిగినదాన్ని. పంచాయతీ కార్యదర్శిగా మొదటి పోస్టింగు జగిత్యాల దాటి బాగా లోపలికి ఉన్న ఊళ్లో వచ్చింది. చేరిన రోజు పంచాయతీ ఆఫీసుకు తాళం వేసి ఉంటే, దారిన పోతున్నావిడను అడిగి సర్పంచ్ ఇంటికి వెళ్లాను. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. వాళ్లలో సర్పంచ్ ఎవరో తెలియక నిలబడిపోయాను. నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒక భారీ మనిషి తల ఎత్తకుండానే, "నిలవడి సూత్తన్నవేంది బిడ్డా, కూసో. గీ కట్ట గట్టి వత్త," అన్నది. కట్ట కట్టింది గానీ లేవలేదు. తలెత్తి ఎదురుగా ఉన్న గుట్టను కాసేపు తీరిగ్గా చూసింది. పక్కవాళ్లూ అంతే. ఎవరి కట్ట పూర్తయితే వాళ్లు తలెత్తి గుట్టను చూసి, మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంటున్నారు. ఏమిటమ్మా అందరూ అటే చూస్తారు అని అడిగాను. "దగ్గెర సూసి సూసి కండ్లు గుంజుతయ్ బిడ్డా. జర దూరం సూత్తె నిమ్మలమైతది. దూరం ఎటు సూసినా దూరమే గని, గుట్ట సూడ సక్కగుంటది," అన్నది. నేను నవ్వాను. నా కంటికి అది రాళ్లూ తుప్పలూ ఉన్న మామూలు గుట్ట.

రాజవ్వ భర్త లింగయ్య పెళ్లయిన కొత్తలోనే మస్కట్ వెళ్లాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చి పోవడమే. ఇల్లు కట్టడం, కొడుకును చదివించడం, చివరికి సర్పంచ్ ఎన్నికల్లో నిలబడటం అన్నీ ఆవిడే చూసుకుంది. సర్పంచ్ అయినా బీడీలు మానలేదు. "కుర్సీ ఐదేండ్లకు దిగాలె, చాట దిగుడుండది," అనేది. ఆవిడకు పెద్ద చదువు లేదు. నాకు లేని ఓపిక మాత్రం ఉండేది. ఎవరైనా ఫిర్యాదు తెస్తే పూర్తిగా వినేది, విన్నాక ఒక్కటే అడిగేది: "ఇది పైమాట. లోపలి మాటేంది?"

ఒకసారి ఒకాయన వచ్చి, పక్కింటివాళ్ల వేపకొమ్మ తమ గోడ మీదికి వచ్చిందని, దాని మీంచి పాములు దిగుతున్నాయని, వెంటనే కొట్టించమని గోల పెట్టాడు. నేను కాగితం తీశాను. రాజవ్వ నా చేతి మీద చెయ్యేసి ఆపింది. "పాములు సరే. లోపలి మాట జెప్పు." ఆయన గొంతు తగ్గించాడు. "వాళ్ల బిడ్డ పెండ్లికి పిలువలే నన్ను. పక్కపొంటి ఇల్లు, పిలువకుంటరా?" అన్నాడు. ఆ సాయంత్రమే రాజవ్వ ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించింది. కొమ్మ ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. మొదట్లో సర్పంచమ్మా, మీరు అని పిలిచిన నేను, ఆ రోజు నుంచో మరెప్పటి నుంచో అవ్వా, నువ్వు అనడం మొదలుపెట్టాను.

నేను చేరిన రెండో ఏడు, నెమలిగుట్ట మీద కరెంటు తీసే గాలిమర నిలబెడతామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆ చుట్టుపక్కల గాలి బాగుందట, ముందు ఒకటి నిలబెట్టి చూస్తారట. గ్రామసభ పెట్టి ఊరి అభిప్రాయం, అభ్యంతరాలు రాసి పంపమని పైనుంచి నాకు ఆదేశం వచ్చింది. ఊరు గుప్పుమంది. గుట్టంత ఎత్తు పంక గుట్ట మీద తిరుగుతుందట అని ఒకరంటే, గుట్టకు రెండింతలని ఇంకొకరు. హోటల్ దగ్గర అదే మాట, బస్సులో అదే మాట. వాచ్‌మన్ ఉద్యోగం వస్తుందని ఆశపడ్డ కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు గానీ, ఊరు మొత్తం మీద వద్దనే అన్నది. అందరికంటే గట్టిగా వద్దనుకున్నది రాజవ్వ. ఆ వారమంతా ఆవిడ కట్ట కట్టాక గుట్టను చూసే చూపు మారింది. ఎక్కువసేపు చూసేది, చేతిలోకి ఆకు తీసుకోవడం మరిచిపోయేది. ఆ మనిషి భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

సభకు ముందురోజు సాయంత్రం ఆవిడ మరిది తిరుపతి మోటర్‌సైకిల్ మీద గోనెసంచి పెట్టుకుని, నేనూ రాజవ్వా ఉన్న పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. తిరుపతి వార్డు మెంబరు, హుషారు మనిషి. సంచి విప్పితే ఒక నిలువు రాయి, నిండా పసుపు, కుంకుమ బొట్లు. నాకు అర్థం కాలేదు.

"వదినా, గిది రేపు పొద్దుగాల గుట్ట మీద నిలవెడుత. ఎల్లమ్మ తల్లి ఉన్నదంటం. తల్లి జాగల పంక ఎట్ల వెడుతరో సూద్దాం," అన్నాడు.

రాజవ్వ రాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "నిన్నటిదాంక లేని ఎల్లమ్మ ఇయ్యాల ఏ బస్సు దిగిందిరా?"

"నువ్వు పరాష్కాలాడకు. పంక ఆగాలె అంతే గద."

"పంక ఆగుతది. మరి తల్లి? ఒక్కపారి నిలవెట్టినంక ఏటేటా బోనం జెయ్యాలె గద. గుట్ట మీదికి నెత్తి మీద బోనం వెట్టుకొని ఎవలెక్కుతరు, నీ పెండ్లామా? ఆమెకు మోకాళ్ల నొప్పులాయె. ఎక్కకుంటే తల్లిని ఉపాసం పండవెడుతమా? లేని తల్లిని పిలిస్తే నిజంగనే వత్తది తిరుపతీ. వచ్చినంక పొమ్మనరాదు."

తిరుపతికి కోపం వచ్చింది. "రేపు పంక నిలవడితే ఊరు నిన్నే అంటది వదినా. నన్ను కాదు."

"అననియ్యి," అన్నది రాజవ్వ. కానీ ఆ మాట అన్నప్పుడు గొంతులో ఎప్పటి జోరు లేదు. అతను వెళ్లిపోయాక బిందెలో నీళ్లు తెచ్చి రాయిని కడిగి, రెండు చేతులూ జోడించి ఒకసారి దండం పెట్టి, గాలికి ఎప్పుడూ టపటపా కొట్టుకునే మా ఆఫీసు తలుపుకు అడ్డంగా పెట్టింది. నేనున్నన్నాళ్లూ ఆ తలుపు మళ్లీ చప్పుడు చేయలేదు.

నాకు లోపల దిగులుగానే ఉంది. "అవ్వా, మరి రేపు ఏం చెప్తవు?" అన్నాను. "సూడ సక్కగుంటది, గందుకే వద్దు అంట," అన్నది. అది అభ్యంతరం ఎట్లయితది అన్నాను. నష్టమో, ప్రమాదమో ఉండాలి కదా అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "బిడ్డా, నీకు ఇట్టమైన చీర ఎవలన్న చింపుతే ఊకుంటవా? మల్ల అది చీర నష్టమా, నీ నష్టమా?" అన్నది.

మర్నాడు కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, సన్నగా, నెమ్మదస్తుడు. స్కూలు ఆవరణలో సభ. జనం లేచి ఒక్కొక్కరే చెప్పసాగారు. పంక రెక్కలు మబ్బులను చెదరగొడితే వానలు పడవు అన్నారొకరు. ఆ చప్పుడుకు బర్లు పాలివ్వవు అన్నారు. ఊరి మీద అంత పంక తిరుగుతుంటే పిల్లనిచ్చేవాడు రాడని ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కంపెనీ ఆయన ఎవరినీ వెక్కిరించలేదు. మబ్బులు ఎంత ఎత్తున ఉంటాయో, చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో ఓపికగా చెప్పాడు. చెప్పిన కొద్దీ ఒక్కొక్క అభ్యంతరమూ నీరుగారిపోయింది. నేను రాస్తున్న కాగితంలో మా ఊరి బలం తగ్గిపోతున్నట్టే అనిపించింది. తిరుపతి దూరంనుంచి వదిన వైపు కొరకొరా చూస్తున్నాడు.

చివరికి రాజవ్వ లేచింది. "సారూ, కరెంటు వద్దనలే. మా ఇంట్ల గూడ ఫ్యాను తిరుగుతది. వానలు పడతయో పడయో మాకు ఎరుకలేదు. మా లోపలి మాట ఒక్కటే. గా గుట్ట మాకు సూడ ముచ్చటగుంటది. రోజూ సూత్తం. అడ్డం ఏమన్న నిలవడితే పానం గుంజుతది. గంతే," అని కూర్చుంది. సభ చప్పబడిపోయింది. ఇంతేనా అన్నట్టు మగవాళ్లు మొహాలు చూసుకున్నారు. బీడీల ఆడవాళ్లు మాత్రం ఒకరి తర్వాత ఒకరు, "అవ్, గంతే," అన్నారు. అంతవరకూ ఏ కారణమూ చెప్పనివాళ్లు కూడా అన్నారు.

కంపెనీ ఆయన కలం మూసి, "ఎక్కడ నుంచి చూస్తరమ్మా?" అని అడిగాడు. రాజవ్వ ఆయన్ను తన అరుగు దగ్గరికి తీసుకెళ్లింది. నేనూ, తిరుపతీ వెంట వెళ్లాం. ఉడికించిన మక్క గుడాలు గిన్నెలో పెట్టి చేతికిచ్చింది. ఆయన తింటూ, తనది ఇచ్చోడ దిక్కని, తమ ఊరి చుట్టూ కూడా గుట్టలేనని చెప్పాడు. "గట్లయితే మీ గుట్ట మీదనే నిలవెట్టుకోరాదు సారూ," అన్నది రాజవ్వ. ఆయన నవ్వేశాడు. గిన్నె పట్టుకుని లేచి, అరుగు దిగి, గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు మస్కట్ నుంచి లింగయ్య వీడియో కాల్ వచ్చింది. ఆయన భోజనం వేళ రోజూ చేస్తాడు. రాజవ్వ ఎప్పట్లాగే తన మొహం చూపించడానికంటే ముందే ఫోను గుట్ట వైపు తిప్పింది. అది వాళ్లిద్దరి అలవాటు. గుట్ట మీద మబ్బు కూర్చుందా, పచ్చబడిందా, ఎండిందా చూశాకే ఆయన భార్యను తిన్నావా అని అడుగుతాడు. ఫోనులోంచి గొంతు గట్టిగా వినిపించింది. "గా అడ్డం నిలవడ్డదెవలే? జర పక్కకు జరుగుమను. గుట్ట కనవడ్తలేదు."

రాజవ్వ నాలుక కరుచుకుంది. తిరుపతి తల వంచుకున్నాడు. కంపెనీ ఆయన వెనక్కి తిరిగి ఫోను వంక చూశాడు, గుట్ట వంక చూశాడు. గిన్నె పట్టుకుని నాలుగడుగులు పక్కకు జరిగాడు. "ఆఁ, గిప్పుడు కనవడ్తంది. పచ్చగైంది లే," అన్నాడు లింగయ్య, సముద్రం అవతల నుంచి, ఎంతో తృప్తిగా. గుట్టను నేను ఆ రోజే మొదటిసారి చూశానని చెప్పాలి. వానలు మొదలైన రోజులు, రాళ్ల మధ్య లేత పచ్చ, పైన చిన్న మబ్బు. చక్కగా ఉంది. నిజంగా చాలా చక్కగా ఉంది.

సభలో ఎవరేమన్నారో అన్నీ రాశాను. రాజవ్వ మాటను ఆవిడ అన్నట్టే, ఒక్క ముక్క మార్చకుండా రాశాను. కొన్ని నెలలకు జవాబొచ్చింది. గాలిమరను గుట్ట వెనక, ఊరికి కనిపించని కొస మీదికి మార్చారు. మా ఒక్క మాటవల్లే మార్చారని నేను అనను. అటువైపు దారి వేయడం తేలిక అయి ఉండొచ్చు, మరేదైనా లెక్క ఉండొచ్చు. కానీ ఆ వార్త విన్న సాయంత్రం తిరుపతి సంచి నిండా పచ్చి మక్క కంకులు తెచ్చి వదిన చాట పక్కన పెట్టి వెళ్లాడు. ఆ రోజు రాజవ్వ బీడీలు సగంలో ఆపి, అందరికీ కంకులు కాల్చి పెట్టింది.

ఆ తర్వాత నాకు బదిలీ అయింది, పెళ్లయింది, ఇప్పుడు పెద్దపల్లి ఆఫీసులో పని. నా బల్ల దగ్గరికి ఎంతోమంది వస్తారు. కారణం బలంగా ఉండాలని దానికి రంగులద్దుకుని వస్తారు. వాళ్లను కూర్చోమని, "ఇది సరే, లోపలి మాటేంది?" అని అడుగుతాను. కొందరు చిరాకు పడతారు. ఎక్కువమంది కొంచెం సిగ్గుపడి, అసలు సంగతి చెప్తారు. అది చాలాసార్లు చాలా చిన్నది, చాలా న్యాయమైనది. దాన్ని నేను వాళ్లు చెప్పినట్టే రాస్తాను. నాకు ఉద్యోగం వచ్చింది పరీక్ష రాసి. చేయడం నేర్చుకున్నది మాత్రం ఆ అరుగు మీదే.

లింగయ్య మామ మస్కట్ వదిలేసి వచ్చేశాడు. ఇప్పుడు ఆయన కూడా అరుగు మీదే కూర్చుని గుట్టను చూస్తాడట. చూసిందే చూస్తాడు, పని చెప్తే వినడు అని రాజవ్వ నాతో సంబరంగా మొత్తుకుంటుంది. మొన్న ఆదివారం వీడియో కాల్ చేసింది. తెర నిండా ఆవిడ మొహమే, నవ్వు, ముక్కుపుడక. గాలిమర సంగతి అడిగితే, "అప్పుడప్పుడు ఒక్క రెక్క కొస తొంగి సూత్తది బిడ్డా, మల్ల పోతది. పిలువని సుట్టమోలె," అని పకపకా నవ్వింది. తిన్నావా, ఆరోగ్యమెట్లుంది, మీ ఆయన తుమ్ములు తగ్గినయా అని ఒకటే అడుగుతోంది. నేను జవాబులు చెప్తూనే ఆవిడ భుజం మీంచి వెనక్కి చూడాలని ప్రయత్నిస్తున్నాను. చివరికి ఉండబట్టలేక అనేశాను.

"అవ్వా, జర పక్కకు జరుగు. గుట్ట కనవడ్తలేదు."