మిరప కల్లాల మధ్య శాంతిసేన

ఆ రోజుల్లో ప్రపంచం గురించి నాకున్నంత దిగులు ప్రపంచానికి కూడా ఉండేది కాదు. పెద్ద దేశాలు రెండూ ఒకదాని మీద ఒకటి క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న కాలమది. గుంటూరులో లా చివరి సంవత్సరం చదువుతూ, అద్దెగది మంచం మీద వెల్లకిలా పడుకుని, ఈ ఇద్దరూ ఎప్పుడు కలబడతారో, కలబడితే మా పరీక్షలు వాయిదా పడతాయో లేదో అని మథనపడుతుండేవాణ్ణి. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పుస్తకం తీస్తే నడవాలనిపించేది, నడుస్తుంటే టీ తాగాలనిపించేది, టీ తాగుతుంటే ప్రపంచాన్ని రక్షించాలనిపించేది. ఈ మూడో కోరికకి అంతర్జాతీయ న్యాయం పేపరొక్కటే పనికొచ్చేలా కనిపించి, దాని మీద పడ్డాను. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సమితి, దానికో భద్రతా మండలి, ఆ మండలిలో ‘కాదు’ అనగానే పని ఆగిపోయేంత పెద్దలు ఐదుగురు. సమితి ఒడంబడికలో ఆరో అధ్యాయం తగువుల్ని శాంతిగా తీర్చడం గురించి, ఏడోది మాట విననివాళ్ళ చేత వినిపించడం గురించి. ఆరో అధ్యాయం కంఠతా పట్టాను. ఏడోది పొడుగ్గా ఉందని ఛాయిస్‌లో వదిలేశాను. (శాంతికాముకుణ్ణి కావడం వల్ల వదిలేశానని స్నేహితులతో చెప్పాను.)

పరీక్షలు దగ్గరపడ్డాక, ప్రశాంతంగా చదువుకుందామని సత్తెనపల్లి పక్కనున్న మా మేనమామ ఊరికి వెళ్ళాను. ప్రశాంతత కోసం అంతకంటే పనికిరాని ఊరు ఆ వేసవిలో జిల్లా మొత్తం మీద లేదని బస్సు దిగాకే తెలిసింది. మా మామయ్య చేనుకీ, పక్క చేనుకీ మధ్య ఒక డొంక ఉంది, బండి పట్టేంత దారి. పక్క చేను ఆసామిని ఊరంతా గొడుగు బాబాయి అనేది. ఎండలో నల్లగొడుగు లేకుండా ఆయన గడప దాటడు, వానలో మాత్రం అది తడిసిపోతుందని ఇంట్లో పెట్టి వస్తాడు. ఆ డొంక తన పట్టా భూమిలో ఉందని మామయ్య, కాదు తన దాంట్లో ఉందని బాబాయి. మాటా మాటా పెరిగి, మామయ్య ఊరి వైపు కొసన డొంకకి అడ్డంగా గండి కొట్టాడు. బాబాయి రోడ్డు వైపు కొసన తుమ్మకంప నాటాడు. ఇద్దరి మిరపకాయలూ మధ్యలో, పక్కపక్క కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బండి ఊళ్ళోంచి కల్లానికి రావాలంటే గండి దాటాలి, సరుకెత్తుకుని గుంటూరు యార్డుకి పోయే రోడ్డెక్కాలంటే కంప దాటాలి. వెరసి ఎవరి కాయా కదలదు. ఆకాశం మీద నమ్మకంతో ఇద్దరూ చెరో నులకమంచం వేసుకుని, తమ తమ సరిహద్దుల దగ్గర కాపలా కాస్తున్నారు. ఒక్క జల్లు పడిందంటే ఎర్రకాయ తెల్లబడి తాలుకాయ అవుతుంది. ఏడాదంతా పడ్డ పాటు అందులో ఉంది. మా అత్తయ్య రోజుకి పదిసార్లు పెరట్లోకొచ్చి తలెత్తి మబ్బు చూసుకునేది.

ఊరి పెద్దలు అప్పటికే చేతులెత్తేశారు. ఉన్న ఐదుగురూ రెండు వైపులా చుట్టాలే కాబట్టి, ఏ రాజీ మాట వచ్చినా ఎవరో ఒకరు తల అడ్డంగా ఊపేవారు, అంతటితో సభ ముగిసేది. వీటో అన్నది మా ఊళ్ళో పుట్టి పైదేశాలకి ఎగుమతి అయిందని నాకప్పుడే అనుమానం వచ్చింది. ఇక కుదురుగా ఉండగలనా? మొదటి రోజే గండి దగ్గరికి వెళ్ళి మామయ్యతో చర్చలు మొదలుపెట్టాను.

“ముందు వాణ్ణి కంప తియ్యమను. తీసిన మరుక్షణం గండి పూడుస్తా. నేనేం మూర్ఖుణ్ణా,” అన్నాడు మామయ్య.

ఆ కొసకి పరుగెత్తాను. “ముందు ఆయన్ని గండి పూడ్చమను. పూడిస్తే కంప నేనే మోస్తా. నేనేం మొండివాణ్ణా,” అన్నాడు బాబాయి గొడుగు కింద నుంచి.

నిరాయుధీకరణ గురించి నేను చదివిన పాఠం మొత్తం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. ఎవరు ముందు? ఆ ప్రశ్న పట్టుకుని గండికీ కంపకీ మధ్య అటూ ఇటూ తిరిగి కొత్త చెప్పులు అరగదీశాను. చివరికి నాకు తోచిన మార్గం శాంతిసేన. ఇరుపక్షాల అంగీకారంతో, ఆయుధం లేకుండా, మధ్యలో కూర్చుని ఎవరూ హద్దు మీరకుండా చూసే తటస్థ సేన. చుట్టరికం లేనివాళ్ళు కావాలి కాబట్టి, మిషన్ బడి డ్రిల్లు మాస్టారినీ, దర్జీ భాయినీ బతిమాలాను. బడికి సెలవులు, పెళ్ళిళ్ళు అయిపోవడంతో కుట్టుమిషనుకీ సెలవులే. బడిపిల్లల లాగుల కోసం తెచ్చిన నీలం గుడ్డలో మిగిలిన ముక్కలతో, సమితి శాంతిసేన పెట్టుకునేలాంటివి, భాయి మూడు టోపీలు కుట్టాడు. రెండు కల్లాల మధ్య సరిగ్గా నడిమిన తాటికమ్మల పందిరి వేశాం. ఆ టోపీ పెట్టుకుని పందిరి కింద నిలబడ్డ క్షణాన, మండలి అధ్యక్షుడికి నేను ఏ మాత్రం తీసిపోనని అనిపించింది. మండలిలో లేని మంట మా దగ్గర అదనంగా ఉంది, గాలి వీస్తే మిర్చి ఘాటుకి ముగ్గురం కలిసి తుమ్మేవాళ్ళం.

మొదటి సంక్షోభం మొదటి రోజు మధ్యాహ్నమే వచ్చింది. అత్తయ్య మా ముగ్గురికీ క్యారేజీ పంపింది. నేను మూత తీశానో లేదో, గొడుగు కదిలింది.

“ఏమయ్యా లాయరూ. వాళ్ళింటి అన్నం తిని నాకు న్యాయం చెబుతావా?”

అంతర్జాతీయ న్యాయస్థానంలో తన దేశం తాలూకు వ్యాజ్యం వచ్చినా జడ్జి లేచిపోనక్కర్లేదనీ, అవతలి దేశం కావాలంటే తన తరఫున ఒక జడ్జిని కూర్చోబెట్టుకోవచ్చనీ చదివింది చదివినట్టు అప్పగించాను. బాబాయి ఇంట్లోవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తన తరఫున కూర్చోబెట్టడానికి తన మాట వినేవాడు ఇంట్లో ఒక్కడూ లేడని ఒప్పుకున్నాడు. దానికి బదులు, తమ ఇంటి నుంచి కూడా క్యారేజీ వస్తుందనీ, రెండూ సమానంగా తినాలనీ షరతు పెట్టాడు. న్యాయమే అనిపించింది. అదే నేను చేసిన పొరపాటు. మా వైపు ఒక ఇంటి గోంగూర పప్పు చూసి ఇంకో ఇల్లు ఊరుకోదన్న సంగతి నా సిలబస్‌లో లేదు.

రెండోనాడు బాబాయి ఇంటి నుంచి గుత్తి వంకాయ వచ్చింది. మూడోనాడు అత్తయ్య చేపల పులుసు పంపింది. దానికి జవాబుగా గారెలు, గారెలకి జవాబుగా బూరెలు. ఒకటి పంపితే రెండు పంపే ఈ పోటీకి పుస్తకంలో ఏదో పేరుంది గాని, తిన్న మత్తులో ఎప్పుడూ గుర్తొచ్చేది కాదు. ఎవరి గిన్నెలో మెతుకు మిగిలినా పక్షపాతం కింద లెక్క. కాబట్టి తిని, తిన్నది అరగడానికి మళ్ళీ అటూ ఇటూ నడిచేవాణ్ణి. నా సైన్యం మాత్రం నడిచేది కాదు, ఒరిగేది. డ్రిల్లు మాస్టారి బెల్టు ఒక బొక్క వెనక్కి వెళ్ళింది. ఒకరోజు ఇద్దరూ కాస్త మెత్తబడుతున్నారని ఉత్సాహంగా చెప్పబోతే, దర్జీ భాయి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

“బాబు గారూ, ఆ రాజీ ఏదో ఆదివారం దాకా ఆపండి. బాబాయి గారింట్లో కోడిని చూసి పెట్టారంట.”

శాంతి అన్నది తొందరపడితే నిలవదని డ్రిల్లు మాస్టారు కూడా గంభీరంగా బలపరిచారు. తగువు ఉన్నన్నాళ్ళే మా పందిరి, మా టోపీలు, మా గారెలు. (ఆ ఆదివారం కోడిని నేనూ తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను.) కాయ మాత్రం కల్లంలో ఎండి గలగలలాడుతోంది. అత్తయ్య మబ్బు చూసుకోవడం మానలేదు.

మాకు తెలియకుండా ఇంకో దౌత్యం నడుస్తోందని ఆలస్యంగా తెలిసింది. తిన్న మత్తులో మాస్టారు క్యారేజీలు మార్చి పంపేవారు. ఆ ఇంటి గిన్నెలు ఈ ఇంటికీ, ఈ ఇంటివి ఆ ఇంటికీ చేరేవి. గిన్నెలు తెచ్చి ఇచ్చుకోవడానికి అత్తయ్యా, బాబాయి గారి భార్య పిన్నీ పెరటి గోడ దగ్గర కలుసుకునేవారట. మొదట “మీ పులుసులో చింతపండు ఎక్కువైంది వదినా” దగ్గర మొదలై, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే సరిపోతోందన్న దగ్గరికి వచ్చి, ఇలా వండి పెడుతున్నన్నాళ్ళూ మగవాళ్ళు మంచాలు దిగరన్న దగ్గర ఆగారట. ఆ ఇద్దరికీ ఎన్నడూ తగువు లేదు. వాళ్ళని ఎవరూ చర్చలకి పిలవలేదు, అంతే.

ఆ రోజు పొద్దుటి నుంచే ఉక్కగా ఉంది. మధ్యాహ్నానికి పడమట కారుమబ్బు కమ్మింది. క్యారేజీలు మామూలుగానే వచ్చాయి, రెండు సరిహద్దులకీ, పందిరికీ. మూతలు తీశాం. తోమి, తుడిచి, తళతళలాడుతున్న ఖాళీ గిన్నెలు. తెచ్చిన పనిపిల్ల రెండిళ్ళ కబురూ ఒక్క ముక్కలో చెప్పింది.

“డొంక తెరుచుకున్నాక పొయ్యి వెలుగుద్దంట.”

మామయ్య గండి దగ్గర లేచి నిలబడ్డాడు. బాబాయి కంప దగ్గర లేచి నిలబడ్డాడు. ఒకరినొకరు చూసుకుని మళ్ళీ కూర్చున్నారు. ఎవరు ముందు? ఉరుము ఉరిమింది. నాకు కాళ్ళు చేతులు ఆడక, సంచిలోంచి పుస్తకం లాగి, జన్మలో మొదటిసారి ఏడో అధ్యాయం తెరిచాను. శాంతిసేన అన్న మాట అక్కడ లేదు. వెనక్కి తిప్పితే, నేను కంఠతా పట్టిన ఆరులోనూ లేదు. ఒడంబడిక మొత్తంలో ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ మేము తిన్న గారెలకి చట్టబద్ధమైన ఆధారమే లేదన్నమాట. ఇంకా చదివాను. మాట విననివాళ్ళతో ఇచ్చిపుచ్చుకోవడాలు తెంచెయ్యవచ్చని ఒకచోట ఉంది. ఖాళీ గిన్నెల వంక చూశాను, ఆ పని నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది. దానికి సరిగ్గా పైన ఇంకొకటి ఉంది. ఎవరి హక్కుకీ, ఎవరి వాదనకీ భంగం లేకుండా, తాత్కాలిక చర్యలు తీసుకోమనవచ్చు. ఆ ‘భంగం లేకుండా’ అన్న చోట నా వేలు ఆగిపోయింది.

“మామయ్యా, నువ్వు గండి పూడ్చక్కర్లేదు,” అని అరిచాను. ఆ కొసకి తిరిగి, “బాబాయి గారూ, మీరు కంప తియ్యక్కర్లేదు.”

ఇద్దరూ అనుమానంగా దగ్గరికొచ్చారు. గండి గండిగానే ఉంటుంది, అందులో తాత్కాలికంగా మా పందిరి పడుకుంటుంది. కంప కంపగానే ఉంటుంది, తాత్కాలికంగా పక్కకి జరుగుతుంది. రెండూ ఒకేసారి, నేను చెయ్యి దించగానే. డొంక ఎవరిదన్నది తేలినట్టు కాదు.

“పూడ్చినట్టు లెక్క కాదుగా?” అన్నాడు మామయ్య.

“కాదు.”

“రేపు మళ్ళీ నాటుకోవచ్చుగా?” అన్నాడు బాబాయి.

“నిరభ్యంతరంగా.”

ఆకలి, మబ్బు కలిసి మిగతా వాదన పూర్తి చేశాయి. చెయ్యి దించాను. మాస్టారూ భాయీ పందిరి గుంజలు పెరికి, తాటికమ్మలతో సహా గండిలో పేర్చారు. నా సింహాసనం బండి చక్రాల కింద పటపటా విరిగింది. ఆ చప్పుడు అంత హాయిగా ఉంటుందని నేననుకోలేదు. రెండిళ్ళ బండ్లూ వరసగా వచ్చాయి. గోతాలు ఎవరివో చూడకుండా అందరం ఎత్తాం. చివరి బండి కంప పక్కనుంచి రోడ్డెక్కుతుండగా పెద్ద చినుకులు మొదలయ్యాయి. మామయ్య కల్లంలో అడుగున ఒక కుప్ప మిగిలిపోయింది. వానలో ఎన్నడూ తెరుచుకోని నల్లగొడుగు ఆ కుప్ప మీద విచ్చుకుంది.

“ఇది కూడా తాత్కాలికమేరా,” అన్నాడు బాబాయి, తను తడుస్తూ. మామయ్య పై కండువా తీసి ఆయన నెత్తి మీద కప్పాడు.

పరీక్షలో ఏడో అధ్యాయం రాలేదు. ఆరోదే వచ్చింది. నాకు బొటాబొటి మార్కులు వచ్చాయి. ప్రపంచం నా సలహా అడగలేదు, నేనూ సత్తెనపల్లి కోర్టులో గట్ల తగాదాలు, దారి తగాదాలు చూసుకుంటూ నల్లకోటులో బట్టతల తెచ్చుకున్నాను. ఆ డొంక ఎవరిదన్నది నేటికీ తేలలేదు. గండి ఎవరూ మళ్ళీ తవ్వలేదు, కంప ఎవరూ మళ్ళీ నాటలేదు. ఆ రెండిళ్ళ పిల్లలూ ఇప్పుడు ట్రాక్టర్లు తోలుతూ దాన్ని ‘టెంపర్వరీ డొంక’ అంటారు, ఆ పేరెందుకు వచ్చిందో వాళ్ళకి తెలియదు. నా నీలం టోపీని అత్తయ్య చాన్నాళ్ళు వేడిగిన్నెలు దించే మసిగుడ్డగా వాడింది. అంతకంటే ఎక్కువ శాంతి దానితో ఎవరూ సాధించి ఉండరు.

ఇప్పటికీ టీవీలో ఆ మండలి సమావేశమై, గుర్రపు నాడా ఆకారపు బల్ల చుట్టూ చేతులెత్తుతుంటే నేను చూస్తూ కూర్చోలేను. లేచి హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతుంటాను. మా ఆవిడ విసుగ్గా, అన్నం వడ్డించానని, వచ్చి కూర్చోమని పిలుస్తుంది. కూర్చుంటాను. కాని లోపలెక్కడో ఆ నీలం టోపీ కుర్రాడు ఎండలో గండికీ కంపకీ మధ్య అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడనిపించి నవ్వొస్తుంది. క్యారేజీ వచ్చింది, కాసేపు కూర్చోరా అని వాణ్ణి పిలవాలనిపిస్తుంది. పిలిచినా వినడు. ముందు అవతలివాళ్ళు కూడా తిన్నారో లేదో కనుక్కుని వస్తానంటాడు.