చోంగ్‌చింగ్ మెట్ల మీద మంద పిలుపు

చైనా పోయి వచ్చామంటే తాండూరులో మొదట అడిగేది పాములు తిన్నారా అని. నా భార్య ఓపిగ్గా, ఇంటి నుంచి తీసుకుపోయిన జొన్నరొట్టెలే తిన్నామని చెబుతుంది. అది సగం అబద్ధం. అక్కడి మిరప పులుసు ఆమెకు మహా ఇష్టమైంది. అందులో వేసే ఒక రకం మిరియాలకు నాలుక తిమ్మిరెక్కితే ఊరికే నవ్వేది. ఆ సంగతి నేను బయటపెట్టకూడదని ఒప్పందం.

మేము పోయింది బిడ్డ కోసం. మా ఒక్కగానొక్క కూతురు చోంగ్‌చింగ్‌లో డాక్టరు చదువుతున్నది. పోయిన కొత్తలో ఫోను చేస్తే ఒక పట్టాన పెట్టేసేది కాదు. వాళ్ళ సారు బట్టతల దగ్గర నుంచి హాస్టల్ పిల్లి ఈనిన సంగతి దాకా అన్నీ చెప్పేది. తర్వాత తర్వాత మాటలు తగ్గిపోయాయి. తిన్న, మంచిగున్న, పండుకుంట. అంతే. చదువు బరువు పెరిగి ఉంటుందిలే అని నేను సర్దుకున్నాను. నా భార్య సర్దుకోలేదు. బిడ్డ గొంతు మంచిగ లేదు, పోయి చూసి వద్దాం అన్నది. దౌల్తాబాద్ పక్క పల్లెలో గొర్లు కాసిన ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. మేత మేస్తూ కూడా అరవని గొర్రెను చూస్తే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. హైదరాబాదు దాటి ఎరగని మనిషి, పాస్‌పోర్టు ఫొటో దిగడానికి నాకంటే ముందు తయారైంది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బడిపంతుల్ని, మాట్లాడటం నా వృత్తి. వచ్చే ఎండాకాలం మా బిడ్డ డాక్టరై వస్తుంది, తాండూరులోనే దవాఖానా పెడుతుంది అని స్టాఫ్‌రూమ్‌లో, చాయ్ హోటల్లో, పెళ్ళి భోజనాల దగ్గర చెప్పని రోజు లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నా భార్య దెప్పేది. ఆమె తమ్ముడు, అంటే ఊళ్ళో మంద చూసుకునే మా బామ్మర్ది, నాకంటే రెండాకులు ఎక్కువ. దౌల్తాబాద్ సంతలో కనిపించిన ప్రతివాడికీ మేనకోడలి దవాఖానాకు రమ్మని ముందే పిలుపులు ఇచ్చేశాడు.

వికారాబాద్ అనంతగిరిని చూసి అదే పెద్ద కొండ అనుకుని బతికినవాళ్ళం. చోంగ్‌చింగ్ చూశాక మా లెక్క తప్పింది. అది కొండల మీద కట్టిన ఊరు కాదు, కొండలకే ఇళ్ళు మొలిచినట్టుంటుంది. రోడ్డు మీద నుంచి ఒక భవనంలోకి పోయి, లిఫ్టులో అంతస్తులకు అంతస్తులు కిందికి దిగి బయటికి వస్తే అక్కడ ఇంకో రోడ్డు, దాని మీదా బస్సులు. ఒకచోట రైలు ఇళ్ళ మధ్యలోంచి దూరిపోతుంది. ఈ ఊళ్ళో నేల ఎక్కడుందో తనకు తెలియడం లేదని నా భార్య రోజూ అనేది.

బిడ్డ మమ్మల్ని అన్నిచోట్లా తిప్పింది. సంచి తనే మోసింది, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకున్నది, అడిగినదానికి నవ్వింది. కానీ నేను పరీక్షల మాట ఎత్తగానే ఏదో గుడో, వంతెనో చూపించేది. హాస్టల్‌కు తీసుకుపొమ్మంటే రేపు అనేది. రోజులు గడుస్తున్నాయి గాని ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది. నాకు కోపం కూడా వచ్చింది. గట్టిగా అడుగుదామంటే నా భార్య కళ్ళతోనే ఆపింది.

తిరుగు ప్రయాణం ముందు రోజు సాయంత్రం నది ఒడ్డుకు తీసుకుపోయింది. ఆ ఊరికి వచ్చినవాళ్ళెవరూ అది చూడకుండా పోరట. నిటారు కొండకు ఆనించి, ఒకదాని మీద ఒకటిగా కట్టిన చెక్క చూరుల మేడలు. పొద్దు గూకినాక అన్ని చూరుల కింద పసుప్పచ్చ దీపాలు ఒక్కసారే వెలిగాయి. జనం అందరి నోటా ఒకే చప్పుడు వచ్చింది. కొండ కింద నదిలో ఇంకో కొండ వెలిగింది. పెండ్లి ఇల్లు లెక్కుంది అన్నది నా భార్య.

నాకు మా పల్లె గుర్తొచ్చింది. మాదీ గొర్లు కాసిన ఇల్లే. చిన్నప్పుడు ఎవరి చేనులోనో మంద కట్టి, గొంగడి కప్పుకుని పడుకుంటే, దూరాన తాండూరు దిక్కు కనిపించే వెలుగే మాకు పట్నం. ఆ వెలుగు కింద ఉన్నవాళ్ళకు ఏ దిగులూ ఉండదని నమ్మేవాణ్ణి. తర్వాత తాండూరులో ఇల్లు కట్టుకున్నాక, ఆ నమ్మకాన్ని ఇంకో పట్నానికి, అక్కడి నుంచి ఇంకో దేశానికి మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ వెలుగు కిందనే నిలబడి ఉన్నాను. పక్కన నా బిడ్డ ముఖం మీద ఇన్ని దీపాలు పడుతున్నా ముఖం వెలగలేదు.

ఫొటో తీస్తానని మా ఇద్దరి ఫోన్లూ తనే తీసుకున్నది. మేడలు మొత్తం రావాలని వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. అదే సమయానికి పోలీసులు తాడు కట్టి దారి మళ్ళించారు. పక్కనున్న వంతెన మీది జనమంతా మా మధ్యకు వరదలా దిగింది. పక్కకు నెట్టుకుంటూ పోయి ఒక మెట్ల దగ్గర తేలాం. బిడ్డ లేదు. చేతిలో ఫోను లేదు. నోట్లో వాళ్ళ భాష లేదు.

నేను జనంలోకి దూకబోయాను. నా భార్య చొక్కా పట్టి లాగింది.

"ఎతుకుడు వద్దు. మనం కదిలితె బిడ్డకు దొర్కం. గీడనే నిలబడు."

రెండు మందలు ఒకే వాగుకు నీళ్ళకు దిగి కలిసిపోతే, మా దగ్గర ఎవరూ గొర్రెల మధ్యకు పోయి వేరు చెయ్యరు. ఒక కాపరి ఈ గట్టున, ఇంకో కాపరి ఆ గట్టున నిలబడి పిలుస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. ఎవరి గొర్లు వాళ్ళ గొంతుకు పోతాయి. నా భార్య పై మెట్టు ఎక్కింది. నాలుక మడిచి, గొంతు లోపలి నుంచి, వాళ్ళ ఇంటి పిలుపు పిలిచింది. చివర పైకి లేచే పొడుగాటి కూత అది.

చుట్టూ ఉన్నవాళ్ళు దీపాలు వదిలి ఆమె వైపు తిరిగారు. ఫోన్లు పైకి లేచాయి. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. ఆమె ఎవర్నీ చూడలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ పిలిచింది, మళ్ళీ పిలిచింది.

జనాన్ని తోసుకుంటూ బిడ్డ వచ్చింది. వచ్చి తల్లి భుజం మీద పడి ఏడ్చింది. ఆ ఊరు ఆమెకు కొత్త కాదు. తప్పిపోయింది మేము గాని ఆమె కాదు. అంత ఏడుపు దానికి కాదని నాకు కూడా అర్థమైంది. తల్లి ఆమె వీపు నిమురుతూ ఏమైందని అడిగింది. బిడ్డ నన్ను చూసి చెప్పింది.

"పోయినేడు ఒక పరీక్ష పోయింది నాయినా. మల్ల రాసిన, మల్ల పోయింది. నా దోస్తులంత ముందుకు పోయిన్రు. ఎండకాలంల నేను డాక్టరై రాను."

అందుకే హాస్టల్ చూపించలేదు. పాత స్నేహితులంతా వేరే గదులకు మారిపోయారు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుని చదువుతున్నది. ఏడాదిగా ఈ సంగతి ఒక్కతే మోసింది. నాకు కోపం రాలేదు. భయం వేసింది, ఏడాదిలో ఏ రోజైనా ఏమైనా అయి ఉంటే అని.

నా భార్య కొంగుతో ఆమె ముఖం తుడిచింది. "ఎనకబడ్డ గొర్రెను ఇడిసిపెట్టి మంద ఏనాడన్న ఇంటికొచ్చిందా బిడ్డ?" అన్నది.

అప్పుడే బిడ్డ చేతిలో నా ఫోను మోగింది. బామ్మర్ది. రోజూ మందను దొడ్లో తోలినాక వీడియోలో అక్కకు గొర్లను చూపించడం అతని అలవాటు. ఆ రోజు చాయ్ హోటల్ దగ్గర నుంచి చేశాడు. వెనక ఊరి పెద్దమనుషులు ముఖాలు ఫోనులో దూర్చి చూస్తున్నారు. బిడ్డ ఫోను నా చేతిలో పెట్టింది.

"బావ, గీడ అందరు అడుగుతున్నరు. మన డాక్టరమ్మ ఎండకాలంల వచ్చుడు ఖాయమేనా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని వింటూ పెరిగినవాణ్ణి. ఖాయమే అని ఒక్క మాట అంటే ఆ పూట గడిచిపోతుంది. నా భార్య నది వైపు చూస్తున్నది. బిడ్డ మాత్రం నా నోటి వైపే చూస్తున్నది.

"ఖాయం కాదు రా," అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఒక పరీక్ష పోయింది. మా బిడ్డ ఇంకో ఏడాది సదువుతది. అందరికి గదే చెప్పు."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇక ఊళ్ళో నా తల ఎక్కడ పెట్టుకోవాలా అని నేను ఆలోచిస్తుండగా, బామ్మర్ది ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పోతే మల్ల రాస్తది, దానికేంది? గది గాదు బావ, నీ ఎనక గంత మెరుస్తున్నదేంది? జర సూపియ్యి."

నేను ఫోను తిప్పబోయాను. బిడ్డ ముక్కు తుడుచుకుని నా చేతిలోంచి ఫోను తీసుకున్నది. నాయినకు సరిగ్గా పట్టుడు రాదు మామా అంటూ, పై చూరు నుంచి మొదలుపెట్టి ఒక్కో అంతస్తూ చూపించసాగింది. మేడలు, నది, వంతెన, వంతెన మీది రైలు, అమ్మ ఇందాక జనంలో మందను పిలిచినట్టు పిలిచిన సంగతి. ఆపకుండా చెబుతున్నది. మధ్యలో నేనేదో సరిదిద్దబోతే నా భార్య నా చెయ్యి గిల్లింది. నోరు మూసుకుని విన్నాను.