పడకగది పైకప్పు మీది బర్రె

రాయదుర్గం దాకా మెట్రో వచ్చిన ఏడాది నన్ను కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సముదాయానికి మేనేజర్‌గా వేశారు. యజమానుల తరఫున ఫ్లాట్లు కిరాయికివ్వడం, ఖాళీ చేసేటప్పుడు తాళాలు తీసుకోవడం నా పని. అంతకు ముందు పాతికేళ్లు ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో బోల్టులు లెక్కపెట్టాను కనుక ఇళ్లు సులువనిపించాయి. కనీసం దొర్లిపోవు.

పద్ధతి ఇది. కిరాయిదారు రెండు నెలల కిరాయి అడ్వాన్సు ఇస్తాడు. చేరే రోజు ఇంటి స్థితి పట్టికలో రాసి ముగ్గురం సంతకాలు పెడతాం. వెళ్లే రోజు అదే పట్టికతో ఇల్లంతా తిరుగుతాం. రంగుల కింద ఒక నెల కిరాయి పోతుంది. అది అగ్రిమెంటులోనే ఉంటుంది. మిగిలిన నెలలోంచి, కిరాయిదారు పాడుచేసినదానికి ఓనరు పట్టుకోవచ్చు. వాడకంతో అరిగినదానికి పట్టుకోకూడదు. ఏది అరుగుదల, ఏది పాడు అని తేల్చినందుకే నాకు జీతం.

పట్టికలో 'బాగుంది', 'బాగులేదు' అని రెండే గళ్లు. నేను పక్కన ఖాళీలో రాసేవాణ్ణి. పైకప్పు చూడటానికి నేల మీద వెల్లకిలా పడుకునేవాణ్ణి కూడా; కాపురం ఉండే మనిషి పైకప్పును చూసేది పడుకునే కదా. మా ఆఫీసులో దీన్ని తనిఖీ అనేవారు కాదు, కునుకు అనేవారు. రెండింటికీ పెద్ద తేడా ఉందని నేనూ వాదించలేదు.

సుజాత గారనే కిరాయిదారు చేరిన మూడేళ్ల తర్వాత ఖాళీ చేశారు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఆ మిగిలిన నెల డబ్బు చేతికొస్తేనే కొత్త ఇంటి తాళం ఇస్తారు. సామాన్లు ఎక్కించిన డీసీఎం అప్పటికే కింద నిలబడి ఉంది.

ఓనరు యాదయ్య. ఆ సముదాయం లేచిన నేల వాళ్లదే; బిల్డరుకిచ్చి, వాటాగా మూడు ఫ్లాట్లు తీసుకున్నాడు. పడకగదిలో తలెత్తి ఆగిపోయాడు.

"గీ మరక ఏంది సారూ? సీలింగంత ఖరాబైంది. నేనిచ్చిననాడు లేకుండె. అడ్వాన్సుల పట్టుకోర్రి."

"మేమొచ్చేసరికే ఉందండీ. పై బాత్రూమ్ నీళ్లు కారితే నేనేం చేస్తాను?" అన్నారు సుజాత గారు.

పట్టిక తెరిచాను. నా రాతే: 'పడకగది పైకప్పు. తడి మరక, రెండడుగులు. పడుకున్న బర్రెలా ఉంది. తల కిటికీ వైపు.' కింద యాదయ్య సంతకం.

"సంతకం నాదే. బర్రె యాదికి లేదు," అన్నాడు. మళ్లీ పైకి చూసి, "ఏడ బర్రె? మబ్బు లెక్కుంది. మీ బర్రె వేరేదేమో."

గుమ్మంలోంచి నాకూ మబ్బులాగే కనబడింది. పడుకుని చూడాలన్నాను. యాదయ్య నా ఆరోగ్యం గురించి ఆలోచిస్తున్నట్టు కాసేపు చూసి, కండువా మడిచి తల కింద పెట్టుకున్నాడు. మర్యాద కోసం నేనూ పడుకున్నాను. సుజాత గారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. "కొమ్ము దగ్గర మొదలెట్టండి. ఎడమ పక్క," అన్నారు, దారి చెబుతున్నట్టు.

కర్టెన్లు తీసేసిన కిటికీ. ఎదుటి అద్దాల టవర్ మీద పడిన ఎండ అక్కణ్ణుంచి మా పైకప్పు మీదికి వచ్చి, నీళ్లలా వణుకుతోంది. ఖాళీ గదిలో మా ఊపిరి కూడా వినిపిస్తోంది. చూస్తూ ఉంటే మరక అంచులు నెమ్మదిగా కదిలినట్టనిపించింది, మడుగులో దిగిన దానిలా.

"ఇగో, కొమ్ము," అన్నాడు యాదయ్య చివరికి. "మా నల్లది గిట్లనే పండేది. కొట్టం గీడనే ఉండె సారూ. గీ కిటికీ కాడ."

మనం నాలుగో అంతస్తులో ఉన్నామని నేను గుర్తుచేయలేదు.

కింద డీసీఎం రెండుసార్లు హారన్ కొట్టింది. యాదయ్య లేవకుండానే ఫోను తీసి నెల కిరాయి మొత్తం పంపాడు. సుజాత గారు డబ్బు పడిందో లేదో చూసుకుని, పట్టికలో సంతకం పెట్టి, తాళాలు నా చేతిలో పెట్టి దిగిపోయారు. పెయింటర్లు వచ్చినప్పుడు ఆ పైకప్పు ఒక్కటీ వదిలేయమని యాదయ్య కబురు చేశాడు. రంగుల డబ్బులో ఆ మేరకు మిగిలినది ఎవరిదో నన్నెవరూ అడగలేదు.

నేను నేర్చుకున్నది: చేరే రోజే మరకను ఎదుటివాడు గుర్తుపట్టేలా రాయాలి, ఎక్కణ్ణుంచి చూశామో కూడా రాయాలి. ఆ రెండోది నేను రాయలేదు. తర్వాతి కిరాయిదారు పట్టికలో చేర్చాను: 'పడుకుని చూడవలెను.'