అక్క తీసుకోని కత్తి

మా అక్క వేలు తెగిన సంగతి ముందుగా చూసింది మా బావ. అప్పటికి ఆ సంగతి అక్కకే తెలియదు.

గద్వాలలో వాళ్ల ఇంటి ముందుగదిలోనే గుంట మగ్గం. గుంటలోకి కాళ్లు దించి అక్క కూర్చుంటుంది, పక్కన బావ. గద్వాల చీరకు నడిమంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట ఒకరు ఇటునుంచి, ఒకరు అటునుంచి పోగు చుట్టిన నాడెలు అందించుకోవాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పెళ్లయిన ఏడాదినుంచి వాళ్లిద్దరూ అలా పక్కపక్కన కూర్చుని, పోట్లాడుకుంటూనే నేస్తున్నారు. బావకు చూపు సరిగా ఆనదు. ఆ రోజు పోట్లాట మధ్యలో ఆగి, "ఏందే, ఈడ ఎర్ర పోగు ఎందుకు వెట్టినవ్?" అన్నాడట. అక్క వంగి చూసింది. అది పోగు కాదు. ఎడమచేతి చూపుడువేలు కొసనుంచి కారిన నెత్తురు తెల్ల నూలుమీద గీతలా పడి ఉంది.

అక్కకు షుగర్ వచ్చి చాలా కాలమైంది. ముందు అరికాళ్లు మొద్దుబారాయి. తర్వాత వేళ్ల కొసలు. పోగు పట్టుకున్నానా లేదా అన్నది కంటితో చూసుకుంటేనే తెలుస్తుంది ఆమెకు. ఆ గాయం మానడానికి పట్టిన కాలంలో మామూలుగా అయితే ఒక చీర దిగేది. దవాఖానలో కట్టు విప్పుతూ డాక్టరు, "ఈసారికి అదృష్టం. మళ్లీ ఇక్కడే తెగి చీము పట్టిందంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందమ్మా" అన్నాడు.

"ఏలు తీస్తే నేనెట్ల నేస్త సార్?"

"అందుకే చెప్తున్నా. దేనితో కోసుకున్నారో అది పారేయండి."

కోసుకున్నది సగం బ్లేడుతో. గడ్డం గీసుకునే బ్లేడును నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని చూపుడువేలికీ బొటనవేలికీ నడుమ పట్టుకుని అంచు దగ్గర మిగిలిన దారపు కొసలు కత్తిరిస్తారు. మా ఇళ్లలో అమ్మమ్మల కాలంనుంచి అదే పనిముట్టు. అక్క దాన్ని పారేసి కత్తెర పట్టింది. కీళ్లు వాచిన బొటనవేలు కత్తెర రింగులో దూరలేదు. ఎవరో నొక్కి కత్తిరించే కట్టరు ఇచ్చారు. దాని రెండు రెక్కల నడుమ దారంతోపాటు చీర మడత కూడా ఇరుక్కున్నా వేళ్లకు తెలియలేదు. కొంగులో చిన్న గాటు పడింది. "నువ్వు కత్తిరించు బావా" అని నేనంటే బావ నవ్వాడు. "నేనా? నేను కత్తిరిస్తే చీరకు కిటికీలు వస్తయి బామ్మర్ది."

కొన్నాళ్లకు బ్లేడు మళ్లీ మగ్గం దగ్గరికి వచ్చింది.

నేను చదువుకున్నది తక్కువ. కొత్త అంచు నేయాలంటే పడుగులో నిలువున ఎన్ని పోగులు పెట్టాలి, పట్టు ఎంత పడుతుంది, జరీ ఎంత అన్న లెక్కలు కట్టడం పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. గద్వాలలో, రాజోలిలో, అమరచింతలో మగ్గాల వాళ్లు పిలిస్తే వెళ్లి ఆ లెక్కలు కట్టి వస్తాను. ఏదైనా తెగనప్పుడు నాకు తెలిసిన దారి ఒకటే, ముందు కొలవడం. అందుకని ఒక మధ్యాహ్నమంతా అక్క పక్కన కూర్చుని ఆమె చేతులు చూశాను.

"ఏంరా, మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నవ్?" అంది.

"నీ చేతులే చూస్తున్న. పని చేస్కో."

చూడగా చూడగా తెలిసిందేమంటే, ఆమె దారాన్ని ఎడమవేలికి చుట్టి బిగించి, బ్లేడును ఆ వేలివైపు తీసుకుపోతోంది. కదలాల్సింది అది కాదు. కత్తి నిలకడగా ఉండి, దారమే కత్తి దగ్గరికి రావాలి. కత్తి నిలకడగా ఉండాలంటే వేళ్ల కొసలతో పట్టుకునేది కాకూడదు, పిడికిట్లో ఇమిడేది కావాలి. తిమ్మిరి ఆమె వేళ్ల కొసలకే, అరచేతికి లేదు. ఒక పోగు తీసి ఆమె అరచేతి వెడల్పు కొలిచాను. ఏడున్నర సెంటీమీటర్లు. పిడి అంతకన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. మొన సూదిగా ఉండకూడదు, చీరకు గుచ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది మడిచే కత్తి కావాలి. బిగిసి ఉన్న పడుగుమీద తెరిచిన కత్తి జారిపడిందంటే తెగేది ఒక్క పోగు కాదు.

గద్వాల బజారులో దొరికినవన్నీ పండ్లు కోసుకునే కత్తులు. తెరిచి, కోసే అలుగును వేలితో అటూ ఇటూ కదిపితే ఊగిసలాడాయి. అలుగు ఊగితే చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు. వనపర్తికి పనిమీద పోయినప్పుడు అక్కడ ఒక ఇనుప సామాన్ల కొట్లో అడిగాను. కొట్టతను రంపం, మూత తీసేది, చెవిలో గుబిలి తీసేది అన్నీ ఒక్కదాంట్లోనే మడిచి ఉన్న కత్తి చూపించాడు. చేతిలో పట్టుకుంటే తాళంకప్పంత బరువు.

"ఇవన్నీ వద్దన్నా. ఒక్క అలుగుంటే చాలు."

"దేనికి? కోడికా, యాటకా?"

"దారానికి."

అతను నా ముఖం చూశాడు. "దారం కోయనీకి గింత పరేషాన్ ఎందుకు సార్? పండ్లున్నయి గదా, కొరికితే పాయె!"

కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కకు ముందుపళ్లు రెండు లేవని వాళ్లకు చెప్పలేదు.

చివరికి అది నాగర్‌కర్నూల్‌లో దొరికింది, నేను వెతకని చోట. బంధువుల ఇంట్లో పిల్లవాడి పుట్టువెంట్రుకలకు పోయి, బస్సుకోసం ఒక విత్తనాల దుకాణం ముందు నిలబడ్డాను. అద్దాల బీరువాలో చెక్కపిడి కత్తులు వరుసగా ఉన్నాయి. "అంటు కట్టే కత్తులు సార్, కొల్లాపూర్ మామిడితోటలోళ్లు తీస్కపోతరు" అన్నాడు దుకాణదారు. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసింది. అలుగు తిన్నగా ఉంది. మొన గుండ్రంగా వంగి మొద్దుగా ఉంది. పదును ఒక్క పక్కనే. తెరిస్తే 'టక్' మని కూర్చుంది, వెనక ఉన్న రేకును పక్కకు నొక్కితేగానీ మూసుకోలేదు. వేళ్లకు తెలియకపోయినా ఆ చప్పుడు చెవికి తెలుస్తుంది. పిడి కొలిచాను. తొమ్మిదిన్నర.

ఒక్క అనుమానం మిగిలింది. అక్క వాచిన వేళ్లతో దాన్ని తెరవగలదా? దుకాణం మూలన పాత తూకం రాళ్లు పడి ఉంటే అడిగి తీసుకుని, అలుగు కొసకు దారం కట్టి వేలాడదీశాను. పావుకిలోకు కదల్లేదు. అరకిలోకు మెల్లగా తెరుచుకుంది. అరకిలో అంటే చిన్న నీళ్లచెంబు. రోజూ ఆమె ఎత్తే బరువే.

"పెండ్లిపిల్లను చూస్తున్నట్టు చూస్తున్నవ్ గదా సార్" అన్నాడు దుకాణదారు. అన్నాడే గానీ, అలుగుకు కొద్దిగా కొబ్బరినూనె రాసి, తడి తగలనివ్వొద్దని చెప్పి ఇచ్చాడు. మంచి ఇనుమే, కానీ తుప్పు పడుతుందట.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి పోయి కత్తి ఆమె ముందు పెట్టాను. తెరిచి చూపించాను. పిడికిట్లో ఎలా పట్టుకోవాలో, దారాన్ని ఎలా అలుగుమీదికి తేవాలో చూపించాను. కోయమన్నాను. దారపు కొస చప్పుడు లేకుండా తెగింది. అక్క ముఖం వెలిగింది. ఇంకోటి కోసింది. ఇంకోటి. తర్వాత కత్తి మడిచి, మగ్గం గట్టుమీద నావైపు జరిపింది.

"మస్తుగుంది. తీస్కపో."

"తీస్కపోవుడేంది? నీకే తెచ్చిన."

"నాకొద్దు రా."

నాకర్థం కాలేదు. బావ కండెకు నూలు చుడుతూ చెప్పాడు. "అరే, కత్తి ఇయ్యనీకి వచ్చినవా, కయ్యం వెట్టుకోనీకి వచ్చినవా? తోడబుట్టినోళ్లు కత్తులు ఇచ్చి పుచ్చుకుంటరా ఎక్కడన్న?"

ఆ మాట నాకు తెలియనిది కాదు. మా ఇళ్లలో కత్తిని ఒకరి చేతినుంచి ఒకరు తీసుకోరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. లేకపోతే తగవు వస్తుందని. అంతమాత్రానికే అయితే మార్గం ఉంది గదా అనుకున్నాను. కత్తిని నేలమీద పెట్టాను.

"కింద వెట్టిన. తీస్కో."

"అది వంటింట్ల చేతులు మారే కత్తికి రా. ఇది నువ్వు ఇచ్చుడు. కింద వెట్టినా మీద వెట్టినా ఇచ్చుడే."

"పోనీ, ఒక రూపాయి ఇచ్చి కొనుక్కో."

"తమ్మునికి రూపాయి చేతుల వెట్టి కత్తి కొనుక్కునేంత దాన్నయిననా?" అని నవ్వింది. కానీ తర్వాత నవ్వు లేకుండా, "అమ్మ లేదు, నాయిన లేడు. నాకున్నది నువ్వొక్కనివి. ఏలు పోతే పోతది రా. నువ్వు పోతే?" అంది.

కత్తి నా జేబులోకి వచ్చింది.

ఆమె ఒప్పుకున్నది ఒక్కటే. కత్తి నాదిగా ఉండాలి, ఆమె వాడుకుంటుంది. కాబట్టి ఊళ్లో ఉన్న రోజుల్లో నేను పోయి కత్తి మగ్గం దగ్గర పెట్టి కూర్చునేవాణ్ణి. ఆమె ఆ పూట పోగులు కత్తిరించాక జేబులో వేసుకుని వచ్చేవాణ్ణి. ఇంట్లో ఉంచిపోతానంటే ఒప్పుకోలేదు. రాత్రి ఇంట్లో ఉంటే ఇచ్చినట్టేనట.

అలా, అడగకుండానే నేను కత్తి మోసే మనిషినయ్యాను. మొదట్లో చొక్కా జేబులో పెడితే వంగినప్పుడు జారేది. ప్యాంటు కుడి జేబులో తాళాలతో కలిపి పెడితే చెక్కమీద గీతలు పడ్డాయి. చివరికి ఎడమ జేబు దానికి వదిలేశాను. జేబులో కత్తి ఉన్నాక దానికి పనులు పుట్టుకొచ్చాయి. రాజోలిలో నూలు కట్టల పురికొసలు కోశాను. అమరచింత దారిలో చెప్పులో విరిగిన తుమ్మముల్లు తవ్వి తీశాను. కలెక్టరాఫీసు గేటు దగ్గర పోలీసాయన దాన్ని బల్లమీద పెట్టి పొమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి దానితో జామకాయ కోసుకుంటున్నాడు. "మంచిగ తెగుతుంది, ఎక్కడ కొన్నరు?" అని అడిగాడు. మంచి కత్తికి బరువు ఉంటుంది గానీ భారం ఉండదని అప్పుడే తెలిసింది. నడుస్తుంటే తొడకు తగులుతూ, నేనున్నానని చెబుతూ ఉండేది.

కానీ అది నా జేబులో ఉందంటే అక్క దగ్గర లేదన్నమాట. రాజోలిలో ఒక మగ్గానికి కొత్త అంచు లెక్క కుదరక అక్కడే కొన్నాళ్లు ఆగిపోవలసి వచ్చింది. తిరిగొచ్చి అక్క ఇంటికి పోతే ఆమె ఎడమచేయి కొంగులో దాచుకుని మాట్లాడింది.

"చెయ్యి చూపియ్యి."

"ఏమైందని?"

"చూపియ్యి అక్కా."

బావ తల దించుకున్నాడు. కొంగు నేనే తీశాను. అదే వేలు. పసుపు అద్ది, దానిమీద గుడ్డపేలిక చుట్టి, ఊడకుండా పట్టుపోగుతో కట్టుకుంది. వాపు రెండో కణుపు దాకా వచ్చింది. మగ్గం పక్కన సగం బ్లేడు ఉంది.

నేను మా అక్కమీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను. ఆమె మూర్ఖత్వాన్ని తిట్టాను, శాస్త్రాన్ని తిట్టాను, చూస్తూ ఊరుకున్నందుకు బావను తిట్టాను. "ఏలు పోతే కూసొని ఏం చేస్తవ్, ఇంటింటికి పోయి నాడె పట్టనీకి మనుషులను అడుక్కుంటవా?" అన్నాను. ఆమె కూడా ఊరుకోలేదు.

"నువ్వు రాజోలిల కూసుంటివి! చీర రేపు దించాల్నంటే నేనేం చేయాల, నీకోసం దారి చూస్కుంట కూసోవాల్నా?"

"కత్తి వెట్టిపోతనంటే వద్దన్నదెవరు?"

"పెద్ద తెచ్చిండు కత్తి! తెచ్చినకాడికెల్లి నా ఇంట్లకు దొరలెక్క వచ్చి కూసుంటుండు, కాపలా కాస్తుండు!"

"ఇగ రాను పో. నీ గడప తొక్కను."

"తొక్కకు!"

వీధిలో నడిచేవాళ్లు ఆగి చూశారు. నేను చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను. తిరిగి చూస్తే అక్క గుంటలో అలాగే కూర్చుని ఏడుస్తోంది. బావ ఆమెకేసి, నాకేసి చూసి, చివరికి మెల్లగా అన్నాడు.

"ఏమే, కయ్యం అయిపాయె గదా."

అక్క తలెత్తింది.

"కత్తి తీస్కుంటే కయ్యమైతది అంటివి. తీస్కోలే. అయినా అయింది. గింతకంటె పెద్ద కయ్యం మీ ఇద్దరికి ఇంకెక్కడ అయితది? ఇగ దేనికి భయం?"

అక్క ముక్కు తుడుచుకుంది. కుడిచెయ్యి చాపింది.

"ఇటియ్యి."

నేను వంగి నేలమీద పెట్టబోయాను.

"కింద గాదు. చేతుల వెట్టు."

చేతిలో పెట్టాను. ఆమె గట్టిగా పిడికిలి బిగించింది. తర్వాత మేం ముగ్గురం ఆటోలో దవాఖానకు పోయాం. దారంతా ఆమె కత్తిని అలాగే పట్టుకుని ఉంది.

చీము తీసి, పడుకోబెట్టి మందులెక్కించారు. డాక్టరు రోజూ కట్టు విప్పి చూసి ఏమీ చెప్పకుండా వెళ్లేవాడు. తర్వాత ఒక పొద్దున, "ఉంటుంది" అన్నాడు. అంతే. వేలు దక్కింది. గోరు మాత్రం వంకరగా వచ్చింది, పై కణుపు పూర్తిగా వంగదు. అక్క ఇప్పుడు ముందుకన్నా నిదానంగా నేస్తుంది. బావ దానికీ పోట్లాడతాడు.

నేను నెలకోసారి పోయి కత్తి సానరాయిమీద నూరి ఇస్తాను. పదును ఒక పక్కే కాబట్టి రెండో పక్కను రాయికి పూర్తిగా ఆనించి, పదునున్న పక్కను మాత్రం ఇరవై డిగ్రీలకు ఎత్తాలి. నాకు దానికి టైము పడుతుంది. అక్క విసుక్కుంటుంది. "ఎంతసేపు రా? నాకు పనుంది."

మొన్న నేను పోయేసరికి బావ మగ్గం దగ్గర జామకాయ పట్టుకుని ఆ కత్తి తెరవబోతున్నాడు. అక్క చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"దాన్ని ముట్టకు. పండ్లు కోయనీకి గాదు అది. మా తమ్ముడు ఇచ్చిండు."