మాయ్‌వోర్ వదిన, చేదు సీసా

మా ఆడపడుచు మాయ్‌వోర్‌కి నోరు జాస్తి, చెయ్యి అంతకన్నా చురుకు. నా పెళ్లికి చాలా ముందు నుంచే ఆవిడ రేవు దగ్గర చేపల షెడ్డులో జన, అంటే చేపగుడ్లు, తీసే పని చేసేది. సముద్రం గడ్డకట్టడానికి ముందు, ఆకులు రాలే రోజుల్లో, వేలెడేసి వెండిచేపలతో పడవలు వస్తాయి. ఒక్కో చేపనీ అరచేతిలో పెట్టుకుని పొట్ట మీద బొటనవేలితో ఒత్తుకుంటూ పోతే నారింజ రంగు జన గిన్నెలోకి జారుతుంది. గట్టిగా ఒత్తితే గుడ్లు చితికిపోతాయి, మెల్లగా ఒత్తితే లోపలే ఉండిపోతాయి.

నేను ఈవార్‌ని చేసుకుని ఆ ఊరు వచ్చిన ఏడాది నన్ను ఆవిడ పక్కనే కూర్చోబెట్టారు. నా గిన్నెలోకి తొంగి చూసి అంది: "చేప మీద నీకేం కోపమే ఎల్వీ? మా తమ్ముడి మీద కోపం ఇక్కడ తీర్చుకోకు."

షెడ్డంతా నవ్వింది. నేను ఏడుపు ఆపుకున్నాను. మధ్యాహ్నం తన రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టి, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆవిడ పద్ధతే అంత. ముందు గిల్లేది, తర్వాత పెట్టేది.

పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నీళ్ల మీద తిరిగేవాడు నాకొద్దు. నేల మీద తిరిగేవాడు నన్నొద్దన్నాడు" అనేది. నేను ఉడికించే బంగాళాదుంప ఉండల్ని చేత్తో తూచి, "వీటిని వలకి కట్టుకోవచ్చు, మునిగిపోతుంది" అనేది. అని, నాలుగు తినేది.

వాళ్ల నాన్న పోయిన తీరు మాత్రం ఆవిడ నవ్వుతూ చెప్పలేకపోయేది. ఆయన ప్రార్థనా మందిరం మనిషి, జన్మలో చుక్క ముట్టలేదు. ఉన్నట్టుండి నాలుక మందమై మాట ముద్దగా రావడం మొదలైంది, నడక తూలింది. మందు కొడుతున్నాడని ఊరంతా అనుకుంది. పాస్టరు ఇంటికొచ్చి మరీ బుద్ధులు చెప్పి వెళ్లాడు. చివరికి చారు గొంతుకడ్డం పడి, ఊపిరాడక పోయాడు. ఆ జబ్బు పేరేమిటో అప్పుడు ఎవరికీ తెలీదు.

ఒక ఏడాది షెడ్డులో వదిన చేతిలోంచి చేప జారింది. "సబ్బు రాసుకొచ్చింది వెధవ చేప" అంది. మర్నాడు మళ్లీ జారింది. తర్వాత చూస్తే ఎడంచేత్తో ఒత్తుతోంది. నేను చూశానని తెలిసి, ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా ఎగతాళి చేయలేదు. దాంతో నాకు భయం పట్టుకుంది.

అదే చలికాలం మా ఆయన ఈవార్ మంచు తీసే ట్రాక్టరు దిగుతూ రెండుసార్లు పడ్డాడు. కుడికాలు ఈడుస్తున్నాడు. అక్కాతమ్ముళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని దక్షిణాన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాను. కండరాల్ని ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బనీ, వాళ్ల కుటుంబం రక్తంలోనే ఉందనీ, మనసుకి మాత్రం ఏమీ కాదనీ డాక్టరు చెప్పాడు. "అంటే చివరిదాకా అన్నీ తెలుస్తూ ఉంటాయన్నమాట" అంది వదిన.

అక్కడే మార్గిట్ పరిచయమైంది. పరిశోధన విభాగంలో నర్సు. కొత్త మందొకటి పరీక్షిస్తున్నాం, ఇద్దరూ చేరతారా అని అడిగింది. "సగం మందికి మందు, సగం మందికి మందులా ఉండే నీళ్లు. ఎవరికేది వెళ్లిందో మీకు తెలీదు, డాక్టరుకి తెలీదు, నాకూ తెలీదు. పరీక్ష అయ్యేదాకా అందరి కళ్లకీ ముసుగే."

"నోట్లో పోసుకుంటే తెలిసిపోదూ?" అంది వదిన.

"నీళ్లలో కూడా చేదు కలిపారు. నాలుకకీ ముసుగు వేశారనుకోండి."

"బాగుంది. మా నాన్న చుక్క ముట్టకపోయినా మందు తాగుతున్నాడన్నారు. నేను రోజూ సీసా ఎత్తినా, అది మందని చెప్పేవాడు ఉండడు."

మార్గిట్ నవ్వబోయి ఆగిపోయింది. ఇద్దరూ చేరారు.

వెళ్లినప్పుడల్లా ముక్కూ నోరూ కప్పేసే రబ్బరు మాస్కు ఒకటి మొహానికి అదిమిపట్టి ఊదించేవాళ్లు. "ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి" అని మార్గిట్ అరుస్తుంటే వదిన మాస్కు తీసి, "ఇంత ఊదిస్తున్నారు, కేకు ఎక్కడ?" అనేది. ఊపిరి బలమెంతో తెర మీద గీత చూపించేది. ఆవిడ గీత వెళ్లిన ప్రతిసారీ కిందికి దిగింది. ఈవార్ గీత ఎక్కడిదక్కడే ఉంది.

ఏడాది తిరిగేసరికి వదిన వేళ్లు చెంచా పట్టుకోలేకపోయాయి. ఈవార్ మాత్రం ఇంకా ట్రాక్టరు నడుపుతున్నాడు. పైకి ఎవరూ అనలేదు గానీ, ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే మాట: అతనికి మందు దొరికింది, ఆవిడకి నీళ్లు దొరికాయి. నేను సంతోషించేదాన్ని. సంతోషించినందుకు వదిన మొహం చూడలేకపోయేదాన్ని.

ఈవార్ ఒకసారి తిన్నగానే అడిగాడు. "అక్కా, నాదాంట్లో సగం నువ్వు తాగు."

"తాగను."

"ఎవరికి తెలుస్తుంది?"

"అదేగా తంటా. ఎవరికీ ఏమీ తెలీకుండా పోతుంది."

రోజూ పొద్దున్నే వెళ్లి వదినకి ఆ మందు తాగించేది నేనే. సీసాల మీద పేరుండదు, ఎవరి నంబరు వాళ్లకుంటుంది. ఒకరోజు ఈవార్ ఆసుపత్రి నుంచి ఇద్దరి సీసాలూ తెచ్చి, ఆవిడది ఆవిడ ఇంట్లో పెట్టి, అక్కడే కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నేను మూత తీస్తూ నంబరు చూశాను.

"ఇది మీది కాదు వదినా. ఈయనది."

"చూసుకోలేదు" అన్నాడు ఈవార్.

"నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధమాడటం చేతకాదురా" అంది వదిన. అప్పటికే మాట మెల్లగా, అరిగిపోయినట్టు వచ్చేది. "చెవులు చూడు, ఎట్లా ఎర్రబడ్డాయో."

ఈవార్ కప్పు కింద పెట్టాడు. "నాది పనిచేస్తోందక్కా. నా కాళ్లు చెబుతున్నాయి. నా కళ్ల ముందు నువ్వు కరిగిపోతుంటే నేనది గటగటా తాగి కూర్చోనా?"

"నీది మందని ఎవరు చెప్పారు?"

"నీది కాదని నీ చేతులు చెప్పట్లేదూ?"

వదిన తమ్ముడి కళ్లలోకి చూసింది. మా అమ్మాయి తూవా అప్పుడు కడుపుతో ఉంది. "రేపు తూవాకి ఇదే వస్తే? దాని కడుపులో ఉన్నదానికి వస్తే? అప్పుడు డాక్టరు ఏం చెప్పాలి? మీ నాన్నా మేనత్తా సీసాలు మార్చుకున్నారమ్మా, మాకేమీ తేలలేదు అనా?"

"వాళ్ల లెక్క కుదరడానికి నువ్వు చస్తావా?"

"ఎలాగూ చస్తాను. ఊరికే చావను."

అప్పుడన్నాడు ఈవార్ ఆ మాట. "నువ్వు పిల్లల్లేనిదానివి. నా కూతురి గురించి నాకు చెప్పకు."

వదిన తల తిప్పుకుని, "ఎల్వీ, నా సీసా నాకు తెచ్చిపెట్టవే" అంది. ఈవార్ లేచి, టోపీ కూడా పెట్టుకోకుండా వెళ్లిపోయాడు. ఆ రోజే వదిన నా చేత మార్గిట్‌కి ఫోన్ చేయించి జరిగింది చెప్పింది. చుక్క కూడా తాగలేదు గనక పరీక్షకేమీ కాలేదంది మార్గిట్. తప్పు పట్టలేదు. "మీ తమ్ముడు మంచివాడు" అంది. "మంచివాడే, బుర్రే లేదు" అంది వదిన. ఫోన్ పెట్టేశాక మొహం తుడవమంది.

ఆ చలికాలమంతా ఈవార్ అక్క గుమ్మం తొక్కలేదు. అయితే మంచు పడిన ప్రతి పొద్దునా ఊళ్లో అందరికంటే ముందు ఆవిడ వాకిలే శుభ్రమయ్యేది. ట్రాక్టరు వచ్చి, మంచంతా పక్కకి తోసి, గుమ్మం ముందు మలుపు తీసుకుని వెళ్లిపోయేది. వదిన కుర్చీ కిటికీ దగ్గరికి జరపమనేది. అతను ఇటు చూసేవాడు కాదు. నేను ఇంటికొచ్చి, "లోపలికెళ్తే మీ సొమ్మేం పోతుంది?" అంటే, "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అనేవాడు. అటు వెళ్లి, "రమ్మని నేను చెప్పనా?" అంటే వదిన తల అడ్డంగా ఆడించేది. ఇద్దరి మధ్యా నేను నలిగిపోయాను.

తర్వాత ఆవిడకి మాట పూర్తిగా పోయింది. గాజుపలక మీద అక్షరాలుండేవి. ఆవిడ ఏ అక్షరం కేసి చూస్తే అది మేం పైకి చదివేవాళ్లం. ఊపిరికి ఇంట్లోనే యంత్రం పెట్టారు. దాని గొట్టం చివర ముక్కూ నోరూ మూసే మాస్కు, తల వెనక పట్టీలు. మొదట రాత్రిళ్లే పెట్టేవాళ్లం, తర్వాత పగలూ కావాల్సొచ్చింది. రోజంతా ఒరుసుకుని ముక్కు మీద చర్మం లేచిపోయింది.

నాకు జ్వరం వచ్చి లేవలేని రోజున ఆ మాస్కు పెట్టడానికి ఎవరూ దొరకలేదు. ఈవార్ కోటు తగిలించుకుని ఏమీ మాట్లాడకుండా వెళ్లాడు. ఏం జరిగిందో తర్వాత అతనే చెప్పాడు. కంగారులో మాస్కు తిరగేసి పెట్టాడట. గాలి కళ్లలోకి కొట్టిందట. వదిన కళ్లు పలక వైపు తిప్పితే ఒక్కో అక్షరం చదువుకున్నాడు: "త-ల-కిం-దు-లు." అతను నవ్వాడు. ఆవిడ భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వో ఏడుపో తెలీలేదన్నాడు. పిల్లల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచీ మాస్కు పని అతనిదే అయింది. మెత్తటి ఉన్నిగుడ్డ కత్తిరించి, ఆవిడ ముక్కు మీద పుండు దగ్గర వేసి, పట్టీలు ఎంత బిగించాలో నేర్చుకున్నాడు. అప్పటికి అతని చేతుల్లో కూడా బలం తగ్గుతోంది. బకిల్ పెట్టడానికి పళ్లతో పట్టుకునేవాడు. నేను చెయ్యబోతే మోచేత్తో నెట్టేవాడు.

నదిలో మంచు విరిగిన రోజు వదిన పలక అడిగింది. "మాస్కు తీసెయ్యండి" అని చూపించింది. డాక్టరుతో ముందే మాట్లాడుకున్న సంగతే. నొప్పి, ఆయాసం తెలియకుండా మందిచ్చారు. తూవా తన పాపని తీసుకొచ్చి, మేనత్త పక్కన మంచం మీద పడుకోబెట్టింది. ఈవారే పట్టీలు విప్పాడు. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహం మొత్తం చూశాం. బుగ్గల మీద పట్టీల గీతలు లోతుగా పడి ఉన్నాయి. అతను బొటనవేలితో వాటిని మెల్లగా రాస్తూ కూర్చున్నాడు. ఊపిరి ఆగాక కూడా, గీతలు పోతాయేమోనన్నట్టు, రాస్తూనే ఉన్నాడు.

తర్వాత వేసవికి పరీక్ష ముగిసింది. ముసుగు తీశామని, ఎవరికేది వెళ్లిందో చెబుతామని మార్గిట్ మమ్మల్ని పిలిచింది. అదే గదిలో, అదే కుర్చీల్లో కూర్చున్నాం. ఒక కుర్చీ ఖాళీ.

"ఈవార్, మీకు వచ్చినవి నీళ్లే."

అతను కుర్చీలో ముందుకు వంగాడు. "అయితే మందు అక్కకి..."

"ఆవిడకీ నీళ్లే."

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ."

"మరి నా కాళ్లు?"

"కొందరిలో జబ్బు నెమ్మదిగా నడుస్తుంది. ఎందుకో మాకు తెలీదు." ఆమె తడబడుతూ చెప్పింది. "మందు పనిచేస్తుందని తేలింది. కొద్దిగానే, కానీ పనిచేస్తుంది. నీళ్లు తాగినవాళ్లని పక్కన పెట్టి పోల్చుకుంటేనే ఆ సంగతి తెలిసింది."

"ఆ మాట అక్కతో చెప్పాల్సింది" అన్నాడు ఈవార్.

కారులో వస్తూ అడవి మధ్య ఒకచోట ఆపమన్నాడు. దిగలేదు. అద్దంలోంచి బయటికి చూస్తూ, ముద్దగా వస్తున్న మాటతో, "చేదు నీళ్ల కోసం అక్కని అంత మాట అన్నాను ఎల్వీ" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. వేళ్లు చల్లగా ఉన్నాయి.

నీళ్లు తాగినవాళ్లకి తర్వాత అసలు మందు ఇచ్చారు. ఈవార్ మొదటి గుక్క తాగి, "అదే చేదు" అన్నాడు. ఇంకో రెండు చలికాలాలు బతికాడు. ఆ చలికాలాలు మందు ఇచ్చినవో, ఎలాగూ అతనివేనో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. ఇద్దర్నీ వాళ్ల నాన్న పక్కనే పడుకోబెట్టాం. సమాధుల దగ్గర మంచు నేనే తీస్తాను, పారతో.

తూవా ఆ జబ్బుకి రక్తపరీక్ష చేయించుకోలేదు. నేను అడగను. ఆదివారాలు పాపని తీసుకొస్తుంది. పాప నా వేలు పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఆ పట్టు గురించి ఏమీ అనుకోకూడదని అనుకుంటూ, అలాగే కూర్చుంటాను.