శాలిబండలో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో మేలుకొని

ఒకసారి నేను నోరు విప్పి ఒక ఆటో నిండా మనుషుల్ని ఒకేసారి పడగొట్టాను. కంగారుపడకండి, ప్రాణాలేవీ పోలేదు. పోయిందల్లా వాళ్ల పూట జీతమూ, మా నాన్న సర్వీసు మొత్తం కాపాడుకుంటూ వచ్చిన పరువూను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి గానీ, మా నాన్న ఎదురుగా మాత్రం నవ్వకండి.

రెండువేల ఆరో, ఏడో. మాది తెనాలి వైపు. నాన్నకు కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఉద్యోగం కావడంతో శాలిబండలో అద్దెకుండేవాళ్లం. నాకు ఆ దగ్గర్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో పని దొరికింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు సుభద్రగారు. ఆవిడ ఏదో సదస్సుకు వెళ్లి, పాడ్‌కాస్ట్ అనే కొత్త వింతను నేర్చుకొచ్చారు. ఆరోగ్యం గురించి మాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే జనం విని, వచ్చి బీపీ చూపించుకుంటారని ఆవిడ ఆశ. అలా వచ్చినవాళ్ల బీపీ కొన్ని నెలల పాటు గమనించి, మాటల వల్ల మేలు జరుగుతుందో లేదో తేల్చాలని ఆవిడ పరిశోధన. పాత మందుల గది ఒకటి ఖాళీ చేయించి, గోడలకు దుప్పట్లు కొట్టించి, మైకు పెట్టించి, నన్ను దాని ముందు కూర్చోబెట్టారు.

చిక్కేమిటంటే, అప్పట్లో శాలిబండలో ఇంటర్నెట్ ఉన్న ఇల్లు వెతకాలంటే దివిటీ పట్టుకు తిరగాలి. మా కార్యక్రమాన్ని క్రమం తప్పకుండా వింటున్నది డాక్టరుగారి చెల్లెలు. ఆవిడేమో బెంగళూరులో ఉంటుంది. ఇంట్లో ఈగల మోత, ఇంటర్నెట్‌లో పల్లకీ మోత అన్నట్టుంది మా వ్యవహారం.

"ఆదివారం ఆసుపత్రి కమిటీవాళ్లు వస్తున్నారు," అన్నారు డాక్టరుగారు ఓ రోజు. "బీపీ చూపించుకోవడానికి ఒక్క మగాడూ రాలేదు. ఇలాగే ఉంటే ఈ గదిలో విరిగిన మంచాలు పెట్టుకుంటామంటున్నారు."

"మరి నేనో, మేడమ్?"

"నువ్వు విరగలేదు కదా. ఇంటికి పంపిస్తారు."

అప్పటికే నాన్న నా ఉద్యోగాన్ని ఉద్యోగంగా ఒప్పుకోలేదు. "గొట్టం ముందు కూర్చుని గొణగడానికి జీతమేమిట్రా?" అనేవారు. అదీ ఊడిందని తెలిస్తే ఇంట్లో నా భోజనం కూడా గొణుగుతూనే తినాలి.

ఆపద వస్తే తెలివి దానంతటదే వస్తుందంటారు. నాకు తెలివి రాలేదు గానీ ఐడియా వచ్చింది. జనం ఇంటర్నెట్ దగ్గరకు రాకపోతే, ఇంటర్నెట్‌నే సీడీలో పెట్టి షేర్ ఆటోలకు ఇస్తే? రోజంతా మగవాళ్లే ఎక్కుతారు. దిగేదాకా ఎక్కడికీ పారిపోలేరు కూడా.

డాక్టరుగారికి నచ్చింది. "ఉప్పు గురించి, నడక గురించి, బీపీ గురించి నేను చెప్పినవి పెట్టు. రాత్రి నిద్ర పట్టనివాళ్ల కోసం నువ్వు చదివావు చూడు, ఒళ్లు వదులుగా వదిలేయండి అంటూ, అది మాత్రం వద్దు. అది ఇంట్లో పడుకుని వినేది."

"అలాగే, మేడమ్," అన్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడట. కొత్త అనౌన్సరు అసలే ఎరగడు. సీడీలో అన్నీ డాక్టరుగారి మాటలే ఉంటే నా గొంతు పాతబస్తీకి ఎప్పుడు తెలియాలి? రేడియోవాళ్లలా బరువుగా, తీయగా, తేనెలో ముంచి తీసినట్టు చదివానే! ఒక్క ముక్కే కదా అనుకుని దాన్ని కలిపాను. కలిపినవాణ్ణి చివర్లోనైనా పెట్టానా? మొట్టమొదట పెట్టాను.

గౌలిపుర యాదగిరి అని ఒక ఆటో అన్న ఉండేవాడు. పాల వ్యాపారం మానేసి, బర్రెల్ని అమ్మి, ఏడుగురు పట్టే ఆటో కొన్నాడు. శాలిబండ నుంచి కంచన్‌బాగ్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా తిప్పేవాడు. ఎప్పుడూ తలనొప్పి అని నుదుటికి రుమాలు బిగించి కట్టేవాడు. ఈయనకు కచ్చితంగా బీపీ ఉందని నా నిర్ధారణ.

"అన్నా, ఈ సీడీ పెట్టు."

"ఏంది, పాటలా?"

"ఆరోగ్యం గురించి మాటలు."

"పాటలు లేని సీడీ ఏంది తమ్మీ! సరే తియ్యి. నాకైతే ముంగట ఇంజన్ లొల్లి తప్ప ఏం వినరాదు. స్పీకర్ డబ్బాలు ఎన్క సీట్ల మీదనే ఉన్నయి. ఎక్కినోళ్లు లొల్లి చెయ్యకుంట గమ్మున కూసుంటే చాలు."

"గమ్మున కూర్చుంటారన్నా. నాది గ్యారంటీ. నువ్వూ ఓసారి వచ్చి బీపీ చూపించుకో."

"నాకేం బీపీ? పాలు తాగి పెరిగిన పానం ఇది. దవాఖానకు పోతే లేని రోగం సుత అంటిస్తరు."

మరునాడు ఉదయం నాన్న ఎక్కాల్సిన బస్సు రాలేదు. ఆయన ఎప్పుడూ ఆటో ఎక్కరు. కానీ సర్వీసులో ఒక్కసారి కూడా ఆలస్యంగా గేటు దాటలేదన్నది ఆయన గొప్ప. ఆయన్ని చూసి గేటు దగ్గరి గడియారం టైము సరిచేసుకుంటుందని మా అమ్మ ఎగతాళి. ఆ గొప్ప కాపాడుకోవడానికి ఎదురుగా వచ్చి ఆగిన యాదగిరి ఆటో ఎక్కేశారు. ఎక్కినవాళ్లంతా అటువైపు ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. పొద్దున్నే లేచి ఉరుకులు పరుగుల మీద వచ్చినవాళ్లే. యాదగిరి సీడీ పెట్టాడు.

"కళ్లు మూసుకోండి," అన్నాను నేను. "భుజాలు వదులుగా వదిలేయండి. మీకిప్పుడు వెళ్లాల్సిన చోటు లేదు. చేయాల్సిన పని లేదు..."

ఇక్కడ షేర్ ఆటో ధర్మం ఒకటి చెప్పాలి. బస్సుకు స్టాపులుంటాయి. షేర్ ఆటోకు స్టాపు అంటే ప్రయాణికుడి నోరే. వెనక నుంచి "ఆపన్నా!" అని కేకేస్తే ఆగుతుంది. కేక లేకపోతే చార్మినార్ ఎదురొచ్చినా పక్కకు తప్పుకుని పోతుందే గానీ ఆగదు. ఆ రోజు వెనక నుంచి గురక తప్ప కేక రాలేదు. అది ఇంజను మోతలో కలిసిపోయింది. ఫలక్‌నుమా దాటింది, కంచన్‌బాగ్ దాటింది, నాన్న ఆఫీసు గేటు ఎడమవైపు వచ్చి వెళ్లిపోయింది. 'ఎంత బుద్ధిగ వింటున్నరో' అని యాదగిరి మురిసిపోయాడట.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంజను ఆపగానే, ఆ నిశ్శబ్దానికి అందరూ ఒక్కసారి లేచారు.

ఆ తర్వాత జరిగిన తిట్ల పురాణం నాకు ముక్కలుగానే తెలుసు. బతిమాలుకుని యాదగిరే అందరినీ వెనక్కి తెచ్చాడు. ఈలోపు గేట్లు మూసేశారు. పూట సెలవు పెట్టుకోవాల్సిందేనన్నారు. నాన్న గేటు బయట నిలబడి, తన గడియారం చూసి, గేటు గడియారం చూసి, మళ్లీ తనది చూసుకున్నారట. ఇక చేసేదేం లేక, సీడీ మీద ఆసుపత్రి పేరు చదివి, అందరూ అదే ఆటోలో బయల్దేరారు.

నేను వరండాలో నిలబడి ఉన్నాను. నిండా మగవాళ్లతో ఆటో వచ్చి మా గేటులో ఆగింది! లోపలికి పరుగెత్తాను.

"మేడమ్! మన పాడ్‌కాస్ట్ పనిచేసింది! ఆటో నిండా వచ్చారు!"

చేతులు జోడించి ఎదురెళ్లాను. అందరికంటే ముందు దిగింది మా నాన్న.

"క్యా మియా, సులానే కా ధంధా ఖోలే క్యా?" అన్నాడు వెనకున్న పెద్దాయన. నిద్రపుచ్చే వ్యాపారం పెట్టారా అని ఆయన సందేహం.

"ఏంది తమ్మీ, గిట్ల జేసినవ్! నా గిరాకీ మొత్తం ఖరాబైంది!" అన్నాడు యాదగిరి.

నాన్న మాత్రం మళ్లీ తన గడియారం చూసుకున్నారు. అదే భయం వేసింది.

డాక్టరుగారు బయటకొచ్చారు. విషయం వినేసరికి నా వైపు చూశారు. ఆ చూపుకు నా ఉద్యోగం సగం ఊడింది. తర్వాత వాళ్ల వైపు తిరిగి చేతులు జోడించారు.

"తప్పు మాదేనండి. అయితే ఇంత కోపంతో మిమ్మల్ని పంపించలేను. మధ్యాహ్నం దాకా ఎలాగూ గేటు తెరవరు కదా. బీపీ చూస్తాను. కానీ కోపంలో చూస్తే తప్పు వస్తుంది. ముందు కాసేపు కదలకుండా కూర్చోండి."

కూర్చున్నారు గానీ గొడవ ఆగలేదు. డాక్టరుగారు నా చెవిలో అన్నారు, "ఆ సీడీ పెట్టు."

"మేడమ్, మళ్లీనా?"

"పెట్టు."

పెట్టాను. రెండు వాక్యాలకు వరండా సద్దుమణిగింది.

ఒక్కొక్కరినీ లేపి చూశారు. మొదట యాదగిరి.

"నీ బీపీ నా బీపీ కంటే బాగుందయ్యా. చూపు ఆనక తలనొప్పి వస్తోంది. కళ్లద్దాలు పెట్టుకో."

చివరికి నాన్న. "నాకెందుకండీ? జ్వరమైనా ఎరగను," అంటూనే చెయ్యి చాపారు. డాక్టరుగారు ఒకసారి చూశారు. రెండో చేతికి చూశారు. కాసేపు ఆగి మళ్లీ చూశారు.

"చాలా ఎక్కువగా ఉందండి."

"నాకు తలనొప్పి కూడా లేదే!"

"బీపీ ఉన్నట్టు చాలామందికి ఏమీ తెలియదు. సీడీలో రెండో భాగంలో అదే చెప్పాను. మీరు మొదటి భాగంలోనే నిద్రపోయారు."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యాదగిరి రుమాలు చూసి రోగం కనిపెట్టిన నేను, రోజూ పక్కన కూర్చుని అన్నం తినే నాన్న గురించి ఒక్కసారైనా అనుకోలేదు.

డాక్టరుగారు నా భుజం తట్టారు. "ఇప్పుడే తెలిసింది, మంచిదైంది. మాత్ర, ఉప్పు తగ్గించడం, రోజూ నడక. హాయిగా ఉంటారు." తర్వాత నాన్నతో, "రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పడుతుందా?" అన్నారు.

"సరిగ్గా పట్టి ఎన్నేళ్లయిందో. ఇవాళ ఆటోలో పట్టిందే నిద్ర."

"అయితే ఆ మొదటి భాగం రోజూ పడుకునే ముందు వినండి."

"అలాగే. మావాడి గొణుగుడులా లేదు, ఇంతకీ ఆ నిద్రమొహం గొంతు ఎవడిదండీ?"

నేను స్తంభం చాటుకు జరిగాను. ఆవిడ నన్ను చూపించారు.

నాన్న యాదగిరి వైపు తిరిగి అన్నారు: "ఇన్నేళ్లూ వీడి గురించి ఆలోచించే నాకు నిద్ర పట్టలేదయ్యా. వీడి మాట వింటే పడుతుందని ఇవాళే తెలిసింది."

ఆదివారం కమిటీవాళ్లు వచ్చేసరికి వరండాలో వరుస ఉంది. ఆటోలో నిద్రపోయినవాళ్లు తమ ఇళ్లవాళ్లను కూడా తెచ్చారు. కొత్త కళ్లద్దాలతో యాదగిరి, "లైన్ల రాండ్రి!" అని అందరినీ సర్దుతున్నాడు. విరిగిన మంచాలు ఉన్నచోటే ఉండిపోయాయి, మా గది మాకు మిగిలింది. నాన్న ఇప్పటికీ మాత్ర గడియారం చూసుకుని వేసుకుంటారు. ఆయన బీపీ అదుపులో ఉంది.

కాబట్టి చార్మినార్ సాక్షిగా, నాన్న చేతి గడియారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ఊపిరి ఉన్నంతవరకూ, కదిలే బండిలో కూర్చున్న మనిషిని కళ్లు మూసుకోమనను. ఇంట్లో మాత్రం ఒక్కరికి అనక తప్పదు. ఆ సీడీ అరిగిపోయి చాలా ఏళ్లయింది. రాత్రి నాన్న మంచమెక్కగానే లోపల్నుంచి పిలుపు వస్తుంది, "ఏరా, వచ్చి గొణుగు."